రంగు వేయక ముందు

ధ్యాన భాగములు: లేవీయకాండము 14:33–45, యెహెజ్కేలు 13:10–15, మత్తయి 12:43–45



ఈ సంవత్సరము మన అసోసియేషన్ సంఘములలో అనేక చోట్ల రంగుల పని జరుగుచున్నది. ఒక చోట జూబిలీ పండుగ, ఒక చోట క్రొత్త పాస్టరు గారి రాక, మరొక చోట వానకు నల్లబడిన ప్రహరీ గోడ. ఇది మంచి పనియే. తమ ఇండ్లకు సరంబీ వేయించుకొని దేవుని మందిరమును పాడుగా విడిచిన వారిని హగ్గయి ప్రవక్త గద్దించిన సంగతి మనకు తెలుసు. కాబట్టి రంగు డబ్బాల కొరకు చందా వ్రాసిన వారిని నిరుత్సాహపరచుటకు ఈ మాటలు వ్రాయుట లేదు. రంగుకు ముందు జరుగవలసిన పనిని గూర్చి వ్రాయుచున్నాను. ఆ పనికి ఎవరూ చందా వ్రాయరు. శిలాఫలకము మీద దాని ప్రస్తావన ఉండదు.

మా సంఘము రేవుకు దగ్గర. తాతల కాలములో నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల నుండి బ్రతుకుతెరువుకు వచ్చి ఇక్కడ స్థిరపడినవారము. మా సంఘములో ఒక సహోదరుడు పడవలు మరమ్మతు చేసే షెడ్డులో ముప్పది యేండ్లకు పైగా పని చేసి విశ్రాంతి తీసుకున్నాడు. కష్టమైన పని వస్తే ఇప్పటికీ షెడ్డువారు ఆయనకు కబురు పెడతారు. ఆయన చేతి క్రింద ఒక పాత అల్యూమినియం లాంచి రంగుకు సిద్ధమగుట నేను కొన్ని దినములు వెళ్ళి చూచాను. బడిపంతులుకు ప్రశ్నలు వేయుట అలవాటు, ఆయనకు జవాబు చెప్పుట ఇష్టము. ఈ వ్యాసములో పడవ సంగతులన్నీ ఆయన నేర్పినవే.

అల్యూమినియం మనకు తెలియని లోహము కాదు. మన ఇండ్లలో అన్నము గిన్నెలు, టిఫిన్ క్యారియర్లు దానితో చేసినవే. ఒడిశాలోని మన సంఘస్థులకు మరీ బాగా తెలుసు. కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండ మీద త్రవ్విన బాక్సైటు దామన్‌జోడిలో తెల్లని పొడియై, అంగుల్‌లో లోహమగుచున్నది. 1886లో అమెరికాలో హాల్ అను యువకుడును, ఫ్రాన్సులో ఎరూ అను మరొక యువకుడును, ఒకరి పని ఒకరికి తెలియకుండగనే విద్యుత్తుతో దీనిని చౌకగా తీయు విధానమును కనుగొన్నారు. అంతకు ముందు దీని వెల వెండితో పోటీపడేది. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభము కొన మీద అల్యూమినియముతో చేసిన చిన్న శిఖరమును గౌరవముగా నిలిపారు. నేడు పాత సామాను కొట్టులో తూకమునకు అమ్ముచున్నారు. విలువ మనుష్యులు కట్టినంత కాలమే. ఇది వేరే ప్రసంగము, ఇక్కడ ఆపుతాను.

ఈ లోహమునకు ఒక గుణమున్నది. గాలి తగిలిన క్షణములోనే అది తన మీద తానే కంటికి కనబడని పొర ఒకటి కప్పుకొనును. ఆ పొర దానిని చాలావరకు కాపాడును. అందుచేత రంగు లేని అల్యూమినియం పడవలు ఏండ్ల తరబడి తిరుగుట కలదు. అయితే ఉప్పునీరు నిలిచే చోట, రేకు మీద రేకు పడిన మడతలలో, పాత రంగు పొంగి గాలి ఆడని చోట ఆ పొర చెడిపోవును. ఇనుమునకు తుప్పు పట్టితే ఎర్రగా కనబడును, దారిన పోయేవాడు కూడ చూచి చెప్పగలడు. అల్యూమినియమునకు అలా కాదు. రంగు కొద్దిగా పొంగును. ఆ పొంగును వ్రేలితో నొక్కితే పగిలి తెల్లని పొడి రాలును. ఆ పొడి క్రింద సూదితో పొడిచినట్లు గుంటలుండును.

"మాస్టారూ, ఇనుము ఒప్పేసుకుంటుందండి. ఇది ఒప్పుకోదు. తెల్లగానే ఉంటుంది" అన్నాడు ఆ సహోదరుడు.

ఆ మాట విన్న దినమున మన వంటివారినే తలంచుకొన్నాను. మనము మూడవ తరము, నాలుగవ తరము క్రైస్తవులము. మన పాపములు త్రాగుబోతు పాపములవలె వీధిలో పడి దొరలవు. తెల్లని బట్టలు కట్టుకొని, బైబిలు చేతపట్టుకొని, ముందు వరుసలో కూర్చుండును. ప్రభువు పరిసయ్యులను సున్నము కొట్టిన సమాధులతో పోల్చినప్పుడు ఆ సున్నము తెలుపుగానే ఉండెను గదా.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటికి పట్టిన పొడను గూర్చిన విధి ఉన్నది. మన ప్రసంగ వేదికల మీద ఈ భాగము అరుదుగా వినబడును. ఇశ్రాయేలీయులు అప్పటికి డేరాలలో ఉన్నారు, వారికి గోడలే లేవు. అయినను కనానులో వారు నివసింపబోవు ఇండ్ల గోడలను గూర్చి దేవుడు ముందుగానే మాటలాడెను. ఇంటి యజమానుడు తానే యాజకునియొద్దకు వెళ్ళి, నా యింట పొడవంటిది కనబడుచున్నదని తెలుపవలెను. పొరుగువాడు వెళ్ళి చెప్పుట అక్కడ లేదు. యాజకుడు వచ్చి చూచును. గోడకంటె పల్లముగా చారలు కనబడినను ఆ దినమే తీర్పు చెప్పడు. ఏడు దినములు ఇల్లు మూయించి మరల వచ్చి చూచును. వ్యాపించినయెడల ఆ రాళ్ళను ఊడదీయించి, ఇంటి లోపలి గోడలను చుట్టు గీయించి, ఆ పెళ్ళలను ఊరి వెలుపల అపవిత్ర స్థలమున పోయించును. ఆ తరువాత వేరే రాళ్ళు, ఆ తరువాత వేరే అడుసు. పూత ఈ వరుసలో చివరిది. మనము తరచుగా దానితోనే మొదలుపెట్టుదుము.

యెహెజ్కేలు 13లో పూతతో మొదలుపెట్టినవారే ఉన్నారు. ఒకడు బలము లేని గోడ కట్టును, మరికొందరు దానికి గచ్చు పూయుదురు. సమాధానము లేని చోట సమాధానమని చెప్పు ప్రవక్తలు వారు. వాన కురిసి, వడగండ్లు పడి, గాలి కొట్టినప్పుడు గోడయు పూతయు కలిసి కూలి పునాది బయటపడును.

మన తెలుగు సంఘములలో ఒకదానిలో జరిగిన సంగతి చెబుతాను. ఊరు, పేరు చెప్పను. ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరూ ఆ సంఘమునకు స్తంభముల వంటివారు. స్వగ్రామములో తండ్రి విడిచిన కొద్దిపాటి పొలము అమ్మినప్పుడు లెక్కలలో తేడా వచ్చింది. సొమ్ము అన్న దగ్గర ఉండిపోయింది. తొమ్మిది సంవత్సరములు అన్న కుడివైపు వరుసలో, తమ్ముడు ఎడమవైపు వరుసలో కూర్చున్నారు. పిల్లలు ఒకే సండే స్కూలులో వాక్యములు వల్లించి, బయటికి వచ్చి ఒకరినొకరు పలకరించుకొనేవారు కారు. నెలనెలా ఇద్దరూ ప్రభువు బల్లలో చెయ్యి వేస్తూనే ఉన్నారు.

ఆ సంఘమునకు యాభై సంవత్సరముల పండుగ వచ్చింది. పెద్దలు ఇద్దరినీ పిలిచి, "పండుగ పూట పాత మాటలు వద్దు, చేతులు కలపండి" అన్నారు. కలిపారు. దండలు వేశారు. ఫోటో తీసి సావనీరులో అచ్చు వేశారు. పొలము సొమ్ము మాట మాత్రము ఎవరూ ఎత్తలేదు. ఆరు నెలలకు తల్లి ప్రభువునందు నిద్రించింది. సమాధుల తోటలో, పెట్టె ఇంకా దింపకముందే, ఖర్చు ఎవరిదన్న మాట దగ్గర అన్నదమ్ములు గొంతులెత్తారు. పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఆపవలసి వచ్చింది. ఆ ఫోటో తీసిన వారు కూడ అక్కడ నిలబడియున్నారు.

ఈ సంగతి తరువాత ఏమైనదో పిమ్మట చెబుతాను. ముందు పడవ దగ్గరకు వెళ్దాము.

లాంచిని గట్టెక్కించిన తరువాత మొదటి పని మంచినీటితో కడుగుట. గుల్లలు, పాచి రాల్చి, మడతలలోని ఉప్పు పోవువరకు కడిగారు. అది ఆరిన తరువాత కుర్రవాడొకడు ఉప్పు కాగితము తీసికొని అడుగు భాగమును రుద్దుటకు వంగినాడు. మా సహోదరుడు అతని చెయ్యి పట్టుకొని ఆపాడు. "ముందు జిడ్డు తియ్యరా. ఇప్పుడు రుద్దితే జిడ్డు పోదు, లోపలికి దిగుతుంది." రెండు గుడ్డలు తెప్పించాడు. ఒకటి ద్రావకములో తడిపి తుడుచుటకు, రెండవది ఆ తడి ఆరకముందే వెంటనే ఎత్తివేయుటకు. ఒకటే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఇక్కడి నుండి అక్కడికి జరుగునే గాని పోదట. మన ఒప్పుకోలు ప్రార్థనలు అనేకము ఒక గుడ్డ ప్రార్థనలు. ప్రభువా, అందరమూ పాపులమే అని సంఘమంతటి మీద సమముగా పూసివేసి ఆమెన్ చెప్పుదుము. దావీదు అలా ప్రార్థింపలేదు. 51వ కీర్తన చదివి చూడండి, తన అతిక్రమము తన యెదుటనే ఉన్నదని అతడు ఒప్పుకొనుచున్నాడు.

తరువాత పాత రంగు. నేను అంతా ఊడగొట్టుదురని తలంచాను. అలా కాదు. చిన్న బ్లేడుతో రంగు మీద అడ్డముగాను నిలువుగాను గీతలు గీసి, దాని మీద బంకటేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగాడు. కొన్నిచోట్ల రంగు టేపుతో కూడ ఊడి వచ్చింది. కొన్నిచోట్ల కదలలేదు. "ఇది గట్టిగా పట్టుకుంది మాస్టారూ, దీన్ని ఊడగొట్టడం వృథా. పైపైన రుద్ది, అంచులు సన్నగా దించితే చాలు. దీనికీ క్రొత్త రంగుకీ పడుతుందో లేదో ఒక మూల వేసి చూసుకోవాలంతే. ఆ వచ్చేసిందే, దాన్ని మాత్రం లోహం కనబడేదాకా గీకాలి" అన్నాడు.

వలస వచ్చిన సంఘములకు ఈ మాట చాలా అవసరము. మన యౌవనులలో కొందరు పాతదంతయు ఊడగొట్టవలెనని అంటారు. తెలుగు పాటలు వద్దు, కన్నడములోనో తమిళములోనో ఇంగ్లీషులోనో ఆరాధన చాలు అంటారు. మన పెద్దలలో కొందరు ఏ పెచ్చు కూడ ముట్టవద్దంటారు. రెండును తప్పే. మన అవ్వలు చదువు రాకపోయినను కంఠస్థము చేసిన కీర్తనలు, తెల్లవారుజాము ప్రార్థన, చేటలో పిడికెడు బియ్యము ప్రభువు కొరకు విడిగా తీసి పెట్టుట, ఇవి గట్టిగా పట్టుకొన్న రంగు. బ్లేడు పెట్టి లాగినను రావు. ఇంటిపేరు విని ప్రక్కకు జరుగుట, ఏ జిల్లావారు, ఏ పేటవారు అని చూచి డీకనుకు ఓటు వేయుట, పెండ్లి సంబంధములో విశ్వాసము కంటె ముందు కులము అడుగుట, ఇవియు మన తాతల నాటి నుండి వచ్చినవే. పాతవి గనుక పవిత్రమైనవి కావు. టేపు వేసి లాగండి.

ఇక గీకుడు పని. దీనిలో నేను ఎరుగని సంగతి ఒకటి తెలిసింది. అల్యూమినియమును ఇనుప తీగల బ్రష్షుతో రుద్దకూడదు. రుద్దితే వెంటనే మెరుస్తుంది, పని త్వరగా అవుతుంది. అయితే ఆ బ్రష్షు ఇనుప రేణువులు మెత్తని లోహములో దిగబడి ఉండిపోవును. తరువాత నీరు తగిలితే ఆ రేణువులు తుప్పుపట్టి, చుట్టునున్న అల్యూమినియమును తినివేయును. శుభ్రము చేసిన చెయ్యే జబ్బు అంటించినట్లగును. అందుకని నైలాను బ్రష్షు గాని, ఇతర పనులకు వాడని స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షు గాని వాడుదురు. నిన్న ఇనుము మీద రుద్దిన సామాను నేడు దీని మీద పెట్టకూడదు. కాస్టిక్ సోడా అసలు దగ్గరకు రానీయరు, అది రంగుతో కూడ లోహమును కరిగించును.

సంఘ క్రమశిక్షణ జరిపించు పెద్దలారా, డీకనులారా, ఇది మన కొరకే. తప్పు చేసినవానిని సరిదిద్దుట అవసరమే. కాని ఏ బ్రష్షుతో? పగ అను ఇనుప బ్రష్షుతో గీకినప్పుడు సంఘము ఆ దినమునకు మెరుస్తుంది. మన పగ రేణువులు ఆ మనుష్యునిలో దిగబడి, అయిదేండ్ల తరువాత అతని కుమారునిలో తుప్పుగా పైకి వచ్చును. ఒక యింట తగవు తీర్చి వచ్చిన కోపముతో మరొక యింటికి విచారణకు వెళ్ళకూడదు. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము మొదటి వచనములో, తప్పిపోయినవానిని సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తీసుకొని రావలెననియు, అట్లు చేయువాడు తన విషయమై జాగ్రత్తపడవలెననియు అపొస్తలుడు వ్రాసెను. పరిశుద్ధాత్మ దేవుడు లోహము తత్వము ఎరిగినవాడు.

గీకిన పెచ్చులను నేలపాలు చేయలేదు. క్రింద టార్పాలిను పరిచి, పొడి లేవకుండ నీళ్ళు చల్లుకుంటూ రుద్దారు. పాత రంగులలో సీసము మొదలగు విష పదార్థములు ఉండుట కద్దు. గాలిలో లేస్తే పీల్చినవానికి, నీటిలో పడితే చేపలకు హాని. ఆ పొడిని మూటగట్టి విడిగా పంపించారు. లేవీయకాండములో ఆ పెళ్ళలను ఊరి వెలుపల అపవిత్ర స్థలమునకు తీసికొని పొమ్మన్న ఆజ్ఞ నాకు ఆ దినమున క్రొత్తగా అర్థమైనది. ఒక సహోదరి కన్నీళ్ళతో ఒప్పుకొన్న సంగతిని ప్రార్థన కూటము నుండి ఇంటికి వెళ్ళే దారిలోనే పదిమందికి చెప్పువారున్నారు. ఇప్పుడైతే ఫోనులో ఒక్క వ్రేలి పనియే. గీకిన పొడిని ఊరి మీద చల్లువారు గీకకుండ ఉండుటయే మేలు. ఇక ఆ సంఘములో ఎవరు ఒప్పుకొందురు?

ఆ లాంచి లోపల నేలపలకలు ఎత్తినప్పుడు అందరమూ ఒక చోట వంగి చూచాము. బయట ఎక్కడా దెబ్బలేదు. లోపల అడుగున, నీళ్ళు నిలిచే గుంటలో, ఎప్పుడో ఎవరో వదిలివేసిన చిన్న రాగి తీగ ముక్క పడియున్నది. పచ్చని చిలుము పట్టియున్నది. దానిని తీసి చూస్తే దాని క్రింద రేకు బియ్యపు గింజ మందము కూడ మిగలలేదు. రాగియు అల్యూమినియమును ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకియున్నయెడల, బ్యాటరీలో వలె విద్యుత్తు పారి, అల్యూమినియం కరిగిపోవును. పడవ పెద్దది, తీగ వ్రేలెడు. "రాగి పైసా పడినా అంతేనండి. బయట ఎన్ని పూతలు పూసినా లోపల నుంచి బెజ్జం పడుద్ది" అన్నాడు.

నా మనస్సు యెహోషువ గ్రంథము 7వ అధ్యాయమునకు పోయింది. ఆకాను డేరా మధ్య నేలలో ఒక పైవస్త్రము, వెండి, బంగారు కమ్మి. పైకి డేరా అన్ని డేరాల వంటిదే. హాయి పట్టణము ముందు ముప్పది ఆరుగురు చనిపోయారు. నేల క్రింద దాచినది నేల క్రిందనే ఉండిపోదు. మన సంఘములలో నేలపలకల క్రింద ఏమి పడియున్నది? భవన నిధి రసీదు పుస్తకములలో ఒకటి కనబడకుండ పోయి ఎన్నేండ్లయినది? ఆస్తి కాగితములు ఎవరి బీరువాలో ఉన్నవి? కోర్టులో వాయిదాలు పడుతూ, రెండు వర్గములు రెండు వేళల ఆరాధన జరుపుకొను చోట, ఆ వ్యాజ్యము మొదట దేనిని గూర్చి వేశారో యౌవనులకు ఎవరైనా చెప్పగలరా? వ్రేలెడు తీగయే కావచ్చును.

రేకు పలుచబడిన ఆ భాగమును కోసి తీసి, అదే జాతి అల్యూమినియం ముక్క వేసి వెల్డింగు చేశారు. గుంటలు పైపైవే ఉన్నచోట శుభ్రపరచి నింపారు. ఏది నింపవలెను, ఏది కోయవలెను అనుటకు తొందరపాటు పనికిరాదని, చిన్న సుత్తితో తట్టి, చెవి పెట్టి విన్నాడు. యాజకుడు ఏడు దినములు ఆగినట్లుగానే.

తరువాత నీటి పరీక్ష. శుభ్రమైన లోహము మీద మంచినీరు పోస్తే పలుచని పొరవలె తెగకుండ జారును. జిడ్డు మిగిలియుంటే నీరు ముత్యములవలె విడివిడి బొట్లుగా నిలుచును. చూచుటకు ఆ ముత్యములే అందముగా ఉన్నవి. మా సహోదరుడు అవి కనబడినచోట సుద్దతో గుర్తు పెట్టి మరల తుడిపించాడు. మూడుసార్లు తుడిపించాడు. కుర్రవాడు విసుగుకొన్నాడు.

నీరు తెగకుండ జారిన దినమున మాత్రము ఆయన నెమ్మదిగా ఉండలేదు. లోహము ఆరిన వెంటనే, అదే పూట, కొన్ని గంటలలోనే ప్రైమరు పూత పడాలన్నాడు. భోజనమునకు కూడ ఎవరినీ వెళ్ళనీయలేదు. గీకి బట్టబయలు చేసిన లోహము ఖాళీగా ఉండిపోదు. గాలి దానిని పట్టుకొనును, తేమ పట్టుకొనును, రేవు గాలిలోని ఉప్పు పట్టుకొనును. రేపు పూత వేస్తే నేటి గీకుడు వ్యర్థము.

మత్తయి 12లో ప్రభువు చెప్పిన ఉపమానము ఇదే. అపవిత్రాత్మ విడిచిన ఇల్లు ఊడ్చి అమర్చియున్నది, కాని ఖాళీగా ఉన్నది. తనకంటె చెడ్డవైన మరి ఏడు ఆత్మలను వెంటబెట్టుకొని అది తిరిగి వచ్చెను. ఆ ఇంటి దోషము మురికి కాదు, ఖాళీ. బాప్తిస్మము తీసుకొన్న మన పిల్లల సంగతి ఆలోచించండి. నీటిలో నుండి లేచిన సాయంకాలము విందు చేస్తాము, బైబిలు బహుమానమిస్తాము. మరుసటి ఆదివారము నుండి వారికి బోధించువారు ఎవరు? ఉన్న పాస్టరు గారు నాలుగు సంఘములు చూచుకొనుచున్నారు. డీకనులమైన మనమేమి చేయుచున్నాము?

గీకకుండ పూయు పొరపాటు కూడ బాప్తిస్మము విషయములోనే ఎక్కువ. పెండ్లి ముహూర్తము కుదిరినది గనుక వచ్చే ఆదివారము బాప్తిస్మమియ్యండని వచ్చే తల్లిదండ్రులను మీరందరు ఎరుగుదురు. మన తెలుగు బాప్తిస్టు చరిత్రలో దీనికి గొప్ప జవాబున్నది. 1876–78 మహాకరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్న వేలమందికి పని కల్పించారు. ఆ పనివారిలో అనేకులు సువార్త విని బాప్తిస్మమడిగారు. ఆయన ఇయ్యలేదు. కూలికొరకు, గంజికొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని, ఏడాదికి పైగా ఆపి ఉంచారు. కరువు సహాయము ఆగిన తరువాత కూడ వారు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము ప్రతి జూబిలీలో చెప్పుకొందుము. దాని వెనుకనున్న నిరీక్షణ మాసములను చెప్పుకొనుట తక్కువ. ఆ నీళ్ళలో దిగిన వారి మనుమలు, మునిమనుమలు ఈ పత్రిక చదువువారిలో అనేకులున్నారు.

ఇప్పుడు అన్నదమ్ముల సంగతి. తల్లి సమాధి దగ్గర జరిగిన దానికి ఊరంతా నవ్వినది. నలుబది దినముల తరువాత తమ్ముని భార్య, భర్తను వెంటబెట్టుకొని, బావగారి యింటికి వెళ్ళింది. దండ లేదు, పాస్టరు గారు లేరు. చేతిలో పిల్లల నోటుపుస్తకము ఉంది. "బావగారూ, మేము అడగడానికి రాలేదండి, చెప్పడానికి వచ్చాము. అత్తమ్మకి రెండుసార్లు ఆస్పత్రి ఖర్చు మీరూ అక్కా పెట్టారు. మా లెక్కలో అది ఎప్పుడూ వెయ్యలేదు. గుర్తున్నంత వరకు రాసుకొచ్చాము, తప్పుంటే దిద్దండి" అన్నది. అన్న ఆ పుస్తకము ముట్టలేదు. వాళ్ళు టీ త్రాగి వచ్చేశారు. మూడు వారముల తరువాత ఆయన పొలము అమ్మిన కాగితములు తీసికొని తమ్ముని యింటికి వచ్చాడు. ఇద్దరు డీకనులను కూర్చోబెట్టుకొని నాలుగు సాయంకాలములు లెక్క చూచారు. వడ్డీ దగ్గర మరల గొంతులు లేచినవి. ఆగి, ప్రార్థించి, మరల కూర్చున్నారు. చివరకు అన్న ఇయ్యవలసినది తేలింది. అది ఒక్కసారిగా ఇచ్చే స్థితి ఆయనకు లేదు, నెలవారీగా ఇరువది వాయిదాలలో ఇచ్చాడు. ఆ ఇరువది నెలలు ఆయన ప్రభువు బల్లకు రాలేదు. పాస్టరు గారు రమ్మని బ్రతిమాలినను, "నాకే మనసొప్పడం లేదయ్యగారూ" అన్నాడు. తొమ్మిదేండ్లు ఒప్పిన మనస్సు! బలిపీఠమునొద్ద అర్పణ విడిచి మొదట వెళ్ళి సహోదరునితో సమాధానపడుమని ప్రభువు మత్తయి 5లో చెప్పిన మాట ఆయనకు నలుబది దినములలో తెలిసినది కాదు, మరదలు నోటుపుస్తకము తెరిచినప్పుడు తెలిసినది. ఆమె మొదట గీకినది తన గోడను.

పడవకు ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, దాని మీద పైరంగు. అది త్వరగానే అయిపోయింది. అడుగు భాగమునకు గుల్లలు పట్టకుండ వేసే రంగు మాత్రము జాగ్రత్తగా ఎంచుకొన్నారు. చెక్క పడవలకు, ఫైబరు పడవలకు వాడే రాగి కలిసిన రంగు దీనికి పనికిరాదు. పక్క పడవకు బాగా పనిచేసినది ఈ పడవను తినివేయును. పక్క సంఘములో జనము పెరిగినదని వారి పద్ధతియంతా ఎత్తుకొని వచ్చి పూయబోవు వారు కొంచెము ఆలోచించవలెను.

చివరిగా ఒక సంగతి. పడవ అడుగున అక్కడక్కడ జింకు దిమ్మలు బోల్టులతో బిగించియున్నవి. రంగు వేయునప్పుడు వాటి మీద కాగితము కప్పి, టేపు అంటించి, ఒక్క చుక్క పడకుండ కాపాడారు. ఎందుకని అడిగాను. ఉప్పునీటిలో ఏదో ఒక లోహము కరగవలసినదే. జింకు అల్యూమినియము కంటె ముందుగా కరుగును. అది తాను తినబడి, పడవను తినబడనీయదు. ఇంజనీర్లు తమ పుస్తకములలోనే దీనికి బలి లోహమని అర్థమిచ్చు పేరు పెట్టారు. 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు యుద్ధనౌకల రాగి రేకులను కాపాడుటకు మొదట ఈ ఉపాయము చూపించెను. దాని మీద రంగు పడితే అది పనిచేయదు. అందముగా ఉండుటకు దానికి కూడ రంగు వేసి పడవను పోగొట్టుకొన్నవారున్నారట.

"తిరిగి గట్టెక్కినప్పుడు మొదట దీన్నే చూస్తానండి. సగం తినేసి, గరుకుగా, వికారంగా ఉంటే నాకు సంతోషం. కొత్తదానిలా నున్నగా ఉందంటే గుండె జారుద్ది. అది పడవని తాకడం లేదన్నమాట."

యెషయా 53లో ప్రవక్త చూచిన సేవకుని రూపము నాకు జ్ఞాపకము వచ్చి అక్కడ నేను మాటలాడలేదు. సురూపమైనను సొగసైనను లేని ఆయనకు మనము రంగులు వేసి, బంగారు అంచు కట్టి, ముందు గదిలో క్యాలెండరు మీద వ్రేలాడదీశాము. మన దోషము ఆయనను తాకుచున్నదా, ఆయన మన దోషమును తాకుచున్నాడా, లేక నడుమ మన మర్యాద అను పూత ఉన్నదా? ఏ పోలికయు ప్రభువునకు పూర్తిగా సరిపోదు. జింకు అరిగిపోవును, దానిని మార్చుచుండవలెను. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయములోని ప్రధానయాజకుడు ఒక్కసారియే అర్పించి కూర్చుండెను.

జూబిలీ కమిటీల పెద్దలకు ఒక మనవి. రంగు కాంట్రాక్టు తేదీకి ముందు రెండు ఆదివారములు ఖాళీగా విడిచిపెట్టండి. మొదటి ఆదివారము సాయంకాలము రసీదు పుస్తకములు, ఆస్తి కాగితముల నకళ్ళు, బ్యాంకు లెక్క సభ్యులందరి యెదుట బల్ల మీద పెట్టండి. ప్రశ్న అడిగినవానిని కోపగించుకొనవద్దు. రెండవ ఆదివారమునకు లోపల ఎవరు ఎవరి యింటికి వెళ్ళవలెనో వారు వెళ్ళుటకు వారము రోజులు ఇయ్యండి. పేర్లు వేదిక మీద చదువవద్దు. ప్రభువు బల్లను దాని తరువాతి ఆదివారమునకు ఉంచండి. పెయింటరు తొందరపెడితే, గోడలు ఇంకా ఆరలేదని చెప్పండి.

ప్రభువు సేవలో మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద